మీకు ఏ డీజిల్ బొమ్మ కావాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో మోడల్ రైళ్ల గురించి రాస్తూ, బొమ్మల కంపెనీలు పట్టించుకోని డీజిల్ ఇంజన్లలో బుల్లి సైజులో మీకు ఏది కావాలో రాయమని అడిగాను. నెల్లూరు, ప్రకాశం వైపు నుంచే ఎక్కువ ఉత్తరాలొచ్చాయి. చాలామంది అడిగింది ఒకటే ఇంజను, మిగతావాళ్లు అడిగినవి చూస్తే మాత్రం నాకు భలే ముచ్చటేసింది. కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నా. పేర్లు వేయొద్దన్నవాళ్లున్నారు కాబట్టి అందరికీ ఊరి పేరే వేశాం.

ప్రశ్న: చిన్నప్పటి నుంచి చూసిన డబ్ల్యూడీఎం-2 ఇంజను బొమ్మ కోసం వెతకని చోటు లేదు. అమెరికా, జర్మనీ, జపాన్ ఇంజన్లు కావలసినన్ని ఉన్నాయి. మనది మాత్రం పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ బొమ్మలే తప్ప సరైన కొలతలతో అంగట్లో కొనుక్కునేలా కనపడదు. ఎందుకని?
– బ్యాంకు ఉద్యోగి, కావలి

జవాబు: ఎక్కువ మంది అడిగిన ఇంజను ఇదే సార్. మీ కడుపుమంట నాకు తెలుసు, నాకూ అదే ఉంది. 1962లో అమెరికా ఆల్కో కంపెనీ నుంచి వచ్చి, 1964 జనవరిలో వారణాసి డీజిల్ లోకోమోటివ్ వర్క్స్‌లో తయారవడం మొదలై, 1990ల దాకా 2,600కు పైగా తయారైన ఇంజను అది. 2,600 హార్స్‌పవరు, 16 సిలిండర్లు, స్టేషన్ నుంచి కదిలేటప్పుడు నల్లగా ఒక్క పొగ వదిలి గుక్క తిప్పుకునే తీరు, ఇవన్నీ దేశంలో సగం మందికి తెలుసు. అయినా పెద్ద కంపెనీల కేటలాగుల్లో దానికి చోటు లేదు.

బ్రిటన్‌లో మెట్రోపాలిటన్ విక్కర్స్ అనే కంపెనీ 1958-59లో 20 డీజిల్ ఇంజన్లు చేసింది. ఒకవైపు మూడు ఇరుసులు, ఇంకోవైపు రెండే. లోపల పెట్టిన క్రాస్లీ ఇంజన్లు మాటిమాటికీ మొరాయించేవి. 1960ల చివరికల్లా అన్నిటినీ పక్కన పెట్టేశారు. అలాంటి ఇంజనుకు హార్న్‌బీ డబ్లో కంపెనీ 1961లోనే బొమ్మ చేసింది, చాలా ఏళ్ల తర్వాత డెన్మార్క్‌కు చెందిన హెల్జాన్ ఇంకా మంచిది చేసింది. అసలు ఇంజను ఒకటి ఇప్పటికీ దాచి ఉంచారు కూడా. ఇరవై ఇంజన్లకు అంత భోగం, మన రెండువేల ఆరువందల పైచిలుకు ఇంజన్లకు ఏమీ లేదు! బొమ్మ వచ్చేది అసలు ఇంజన్లు ఎన్ని తయారయ్యాయన్న దాన్ని బట్టి కాదండీ, కొనేవాళ్లు ఎందరున్నారన్న దాన్ని బట్టి. ప్లాస్టిక్ షెల్, అంటే బొమ్మ పై తొడుగు పోయడానికి స్టీలు అచ్చు చెక్కించాలి, ఖర్చంతా అక్కడే. ఆ ఖర్చును వేలాది బొమ్మల మీద పంచుకుంటేగానీ కంపెనీకి గిట్టుబాటు కాదు. బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో ముందుగా డబ్బు కట్టి బుక్ చేసుకుని, బొమ్మ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే జనం ఉన్నారు. మనవాళ్లు ఫొటో కింద ‘సూపర్ బ్రో’ అని పెట్టి ధర అడిగి మాయమైపోతారు, నిష్ఠూరంగా ఉన్నా ఇదే నిజం.

ఇంకో చిక్కు కూడా ఉంది. డబ్ల్యూడీఎం-2 అంటే ఒక్కటే ఆకారం కాదు. పొట్టి ముక్కు, పెద్ద అద్దాలతో వచ్చిన ‘జంబో’ వేరు, మామూలుది వేరు, తర్వాత 3,100 హార్స్‌పవరుకు పెంచి డబ్ల్యూడీఎం-3ఏ చేసినవి వేరు. షెడ్డుకో రంగు. కంపెనీ వాడు ఏది చేసినా ‘మా ఊరి మీదుగా పోయింది ఇది కాదు’ అని పదిమంది లేస్తారు. దీనికి మార్గం ఏంటో కింద ఒంగోలు కుర్రాడికి ఇచ్చిన జవాబులో ఉంది, అది చదవండి.

ప్రశ్న: నేను రైల్వేలో చేసి రిటైరయ్యాను. బిట్రగుంట యార్డును, స్టీమ్ షెడ్డును చిన్నగా చేసి మనవడికి చూపించాలని ఉంది. డీజిల్ ఇంజన్లు కూడా పెట్టొచ్చా? ఏవి పెట్టాలి?
– బిట్రగుంట

జవాబు: పెద్దాయనా, మీరు చేయండి, మీ ఇంటికి నేనే ముందొస్తా. ఇంజన్ల కంటే ముందు సంవత్సరం ఖాయం చేసుకోండి, ఎందుకంటే మన కోస్తా లైను మీద డీజిళ్ల రాజ్యం చాలా కొద్దికాలమే. 1960ల్లో డీజిల్ రావడం మొదలైంది, 1980కల్లా విజయవాడ–మద్రాసు మధ్య కరెంటు తీగలు వచ్చేశాయి. అందుకే నెల్లూరోళ్లకు, ఒంగోలోళ్లకు పెద్ద రైలు అంటే ఆవిరి ఇంజనైనా గుర్తొస్తుంది, లేదంటే ఎలక్ట్రిక్ ఇంజనైనా. మధ్యలో డీజిల్‌ను ఎవరూ తలుచుకోరు. పినాకిని ఎక్స్‌ప్రెస్ మోడల్ చేద్దామనుకునే కుర్రాళ్లకు కూడా ఎలక్ట్రిక్కే గతి. మీరు 1970ల మధ్యలో ఏదో ఒక సంవత్సరం పెట్టుకుంటే షెడ్డులో ఆవిరి ఇంజన్లు పొగలు కక్కుతూ, మెయిన్ లైన్లో డబ్ల్యూడీఎం-2 పోతూ, రెండూ ఒకే బల్ల మీద కుదురుతాయి. విద్యుదీకరణ పనులు కూడా చూపించాలనుంటే దశాబ్దం చివరికి జరిగి, తీగల్లేని స్తంభాలు నాలుగు నిలబెట్టండి. బాగుంటుంది.

రాతల విషయంలో ఒక్క జాగ్రత్త. దక్షిణ మధ్య రైల్వే పుట్టింది 1966 అక్టోబర్ 2న. అంతకుముందు విజయవాడ డివిజన్ సదరన్ రైల్వే కింద ఉండేది. కాబట్టి 1965 నాటి యార్డు చేసి ఇంజను మీద దక్షిణ మధ్య అని రాస్తే మీలాంటి పాత రైల్వే మనిషి ఎవరో వచ్చి పట్టేస్తారు. ఇవి మీకు నేను చెప్పేవి కాదు, మీ మనవడి కోసం రాస్తున్నా.

స్థలం సంగతి. హెచ్‌వో స్కేలంటే అసలు కొలతలో 87వ వంతు. కిలోమీటరు యార్డు ఆ లెక్కన పదకొండున్నర మీటర్లవుతుంది, అంత హాలు ఎవరింట్లో ఉంది చెప్పండి. 24 పెట్టెల రైలు కూడా ఆరు మీటర్లు దాటిపోతుంది. ఆరు పెట్టెలు, ఒక ఇంజను పెట్టుకుంటే రెండు మీటర్ల లోపు సరిపోతుంది, కళ్లకు నిండుగానే కనపడుతుంది. యార్డులో లైన్లు తగ్గించండి గానీ ఇంజన్ను తిప్పే టర్న్‌టేబుల్ మాత్రం వదలొద్దు.

ప్రశ్న: అన్నా, మా కాలేజీ ల్యాబులో 3డీ ప్రింటర్ ఉంది. డబ్ల్యూడీఎం-2 షెల్ గీసి ప్రింట్ చేద్దామనుకుంటున్నా. మోటారు, చక్రాలు ఎక్కడి నుంచి తేవాలి? మన బ్రాడ్‌గేజ్‌కు తగ్గ పట్టాలు దొరుకుతాయా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, ఒంగోలు

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం చదివాక నాకు ఊపొచ్చింది, కాస్త పొడుగ్గా రాస్తా ఓపిగ్గా చదువు.

ముందు గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం సంగతి. మనది 1676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 19.2 మి.మీ. వస్తుంది. అంగట్లో దొరికే హెచ్‌వో పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ., అది యూరప్, అమెరికా వాళ్ల 1435 మి.మీ. గేజ్ లెక్క. అంటే మన ఇంజను ఆ పట్టాల మీద రెండున్నర మిల్లీమీటర్లకు పైగా ఇరుకుగా నిలబడుతుంది. 19.2కి సొంతంగా పట్టాలు వేసుకునే పట్టుదల ఉన్నవాళ్లు వేసుకోవచ్చు గానీ, అప్పుడు చక్రాల దగ్గర నుంచి మలుపు పాయింట్ల దాకా ప్రతిదీ నువ్వే చేసుకోవాలి, రెండేళ్ల తర్వాత కూడా నీ దగ్గర ఒక అడుగు పట్టా, బోలెడు విసుగు మాత్రమే ఉంటాయి. నా మాట విని 16.5 మీదే మొదలుపెట్టు. పక్క నుంచి చూస్తే ఎవరికీ తెలియదు, ఎదురుగా చూసి వంక పెట్టేవాణ్ణి ఇంటికి పిలవకు.

ఇక చాసిస్, అంటే మోటారు, చక్రాలు ఉండే కింది భాగం. డబ్ల్యూడీఎం-2 ఆల్కో కుటుంబం కాబట్టి దానికి అమెరికాలో అన్నదమ్ములున్నారు. కింద మూడిరుసుల చక్రాల్ని పట్టి ఉంచే చట్రం, ట్రక్కు అంటారు, చూశావా, ఇరుసుల మధ్య ఎడం సమానంగా ఉండదు, రెండు దగ్గరగా ఉండి ఒకటి దూరంగా ఉంటుంది. ట్రైమౌంట్ అంటారు. ఆల్కో అమెరికాలో అమ్మిన ఆర్‌ఎస్‌డీ-4, ఆర్‌ఎస్‌డీ-5 ఇంజన్లకు కూడా ఈ కుదురే. ఆ బొమ్మల్ని అట్లాస్ కంపెనీ హెచ్‌వోలో చేసింది. పాతది ఒకటి సంపాదించి, పై షెల్ తీసేసి, నీ షెల్ దాని మీద కూర్చోబెట్టు. మోటారు, గేర్లు, కరెంటు పట్టే చక్రాలు అన్నీ అందులోనే వస్తాయి. ఒక్క సంగతి గుర్తుంచుకో. డబ్ల్యూడీఎం-3డీ, డబ్ల్యూడీజీ-3ఏ అనే ఇంజన్ల కింద ఉండేది వేరే రకం ట్రక్కు, వాటికి ఇది పనికిరాదు. ఫొటో చూసి నిర్ధారించుకున్నాకే డబ్బు పెట్టు.

అసలు ఇంజను 17.12 మీటర్లు, అంటే హెచ్‌వోలో దాదాపు 19.7 సెంటీమీటర్లు. ద్రవాన్ని వెలుతురుతో గట్టిపరిచే చిన్న రెజిన్ ప్రింటర్ల ప్లేటు మీద అంత పొడవు పట్టదు. క్యాబిన్, చిన్న ముక్కు ఒక ముక్కగా, పొడుగు బానెట్ ఇంకో ముక్కగా చెయ్యి, అసలు ఇంజన్లో కూడా అతుకు అక్కడే ఉంటుంది కాబట్టి కనపడదు. గోడ మందం ఒకటిన్నర మిల్లీమీటరుకు తగ్గించొద్దు, మరీ పలచగా చేస్తే రెజిన్ వంకర పోతుంది. మీ ల్యాబులో ఉన్నది రీలు తీగ కరిగించే రకమైతే గీతలు కనపడతాయి, ఎంత సాండ్‌పేపర్ రుద్దినా గ్రిల్లుల దగ్గర పోవు. షెల్‌కు రెజినే వాడు. పీఎల్‌ఏ ప్లాస్టిక్ అయితే దాదాపు 60 డిగ్రీలకే మెత్తబడుతుంది, మే నెలలో మన ఒంగోల్లో ఎండలో పెట్టిన కారులో వదిలేశావంటే సాయంత్రానికి నీ ఇంజను నడుం వంగిపోయి ఉంటుంది. పక్కన పట్టుకునే కమ్మీలు ప్రింట్ చేయొద్దు, అర మిల్లీమీటరు లోపు ఇత్తడి తీగ తెచ్చి వంచుకో.

పట్టాలు కొనేటప్పుడు స్టీలువి చవగ్గా వస్తాయని తీసుకోవద్దు. సముద్రం గాలికి తుప్పు పట్టి, ఇంజను రెండడుగులకోసారి ఆగుతుంది. నికెల్ సిల్వర్ పట్టాలే తీసుకో.

శబ్దం కావాలా? డీసీసీ అని, పట్టాల ద్వారా ఇంజనుకు డిజిటల్‌గా ఆదేశాలిచ్చే పద్ధతి ఉంది, అందులో శబ్దం వినిపించే చిప్‌లు వస్తాయి, వాటిలో ఆల్కో 251 ఇంజను శబ్దం ఉన్నది అడుగు. నీకు కావాల్సింది 16 సిలిండర్లది. ఆ గుడుగుడు విన్నాక మీ ఇంట్లో పెద్దవాళ్లు పేపరు పక్కన పెట్టి లేచి వస్తారు చూడు.

కొలతల కోసం లైన్లోకి దిగి టేపు పట్టుకునే పని మాత్రం పెట్టుకోకు. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద పట్టాల మీదికి, యార్డులోకి అనుమతి లేకుండా పోవడం నేరం, దానికంటే ముఖ్యం, ప్రాణం మీదికొస్తుంది. ప్లాట్‌ఫాం మీద నిలబడి, స్టేషన్ మాస్టర్ గారిని అడిగి, సరిగ్గా పక్క నుంచి ఫొటో తీసుకో. మొత్తం పొడవు తెలుసు కాబట్టి మిగతా కొలతలన్నీ దాన్నుంచి లాగొచ్చు.

ప్రశ్న: మాది గిద్దలూరు. గుంటూరు–గుంతకల్లు లైను మీటర్‌గేజ్‌గా ఉన్నప్పుడు దిగువమెట్ట ఘాట్లో డీజిలింజను రైళ్లు చూసినవాణ్ణి. ఆ మీటర్‌గేజ్ డీజిల్‌ను ఎవరైనా తలుచుకుంటారా? మోడల్ చేయాలంటే ఏ స్కేలు?
– రిటైర్డ్ టీచర్, గిద్దలూరు

జవాబు: మాస్టారూ, నిజంగా అన్యాయం జరిగింది వైడీఎం-4కే. దేశంలోని మీటర్‌గేజ్ లైన్ల మీద 1960ల నుంచి మెయిన్ ఇంజను అదే. 1,400 హార్స్‌పవరు, ఆరు సిలిండర్ల ఆల్కో. కొన్ని కెనడాలోని మాంట్రియల్ నుంచి కూడా వచ్చాయి, వాటిని వైడీఎం-4ఏ అన్నారు. బ్రాడ్‌గేజ్ పిచ్చిలో పడి దీన్ని మోడల్ వాళ్లు కూడా వదిలేశారు. మీ లైను 1990ల్లో బ్రాడ్‌గేజ్ అయిపోయింది కాబట్టి ఇప్పటి పిల్లలకు అక్కడ చిన్న రైలు నడిచిందంటే నమ్మకం కూడా కుదరదు.

స్కేలు అంటే, బ్రాడ్‌గేజ్ వాళ్లకంటే మీ పనే సుఖం. మీటరును 87తో భాగిస్తే పదకొండున్నర మిల్లీమీటర్లు. స్విట్జర్లాండ్ కొండ రైళ్లు చేసేవాళ్ల కోసం 12 మి.మీ. పట్టాలు హెచ్‌వోఎం అనే పేరుతో తయారుగా దొరుకుతాయి, పీకో కంపెనీవి ఉన్నాయి. తేడా అర మిల్లీమీటరు, దాన్ని మాస్టారు కాబట్టి మీరు క్షమించాలి. ఒంగోలు కుర్రాడు రెండున్నర మిల్లీమీటర్ల తేడాతో సర్దుకుంటున్నాడు మరి. టీటీ అనే ఇంకో స్కేలు, అంటే 120వ వంతు, అది కూడా 12 మి.మీ. పట్టాల మీదే నడుస్తుంది. తూర్పు జర్మనీ ఆరిరుసుల డీజిళ్లు ఆ స్కేల్లో చాలా వచ్చాయి. వాటి చాసిస్ తెచ్చి మీ వైడీఎం-4 షెల్ కింద పెట్టుకోవచ్చు, ఇరుసుల ఎడం కొలుచుకుని మరీ కొనండి. శబ్దానికి ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ 48 క్లాస్ ఇంజనుది వెతకండి, అదీ ఆరు సిలిండర్ల ఆల్కో 251 కాబట్టి చెవికి తేడా తెలియదు.

బల్ల మీద ఏం చూపించాలో నన్ను అడగలేదు గానీ చెప్తాను. గిద్దలూరు స్టేషన్ వద్దు. నల్లమలలోకి పోండి, దొరబావి వంతెన, బొగద సొరంగం. ఆ రెండిట్లో ఒక్కటి చేసినా ఊరూ వాడా మీ ఇంటికి కదిలొస్తుంది. రాతల్లో ఒక మెలిక. గుంతకల్లు డివిజన్ దక్షిణ మధ్య రైల్వేలో కలిసింది 1977లో, అంతకుముందు అదీ సదరనే. కాబట్టి మీకు గుర్తున్న సంవత్సరం ఏదో ముందు కాగితం మీద రాసుకోండి.

ప్రశ్న: మా ఆయన వయసు నలభై దాటింది. జీతంలో సగం ఈ రైలు బొమ్మలకే పోతోంది. ఈ మధ్య విదేశాల నుంచి ఒకటి తెప్పిస్తే కస్టమ్స్ వాళ్లు వేసిన పన్ను చూసి నాకు కళ్లు తిరిగాయి. ఇది ఆటబొమ్మా, ఇంకేమన్నానా? ఈ టెన్షన్ ఎప్పటికి పోతుంది?
– నెల్లూరు

జవాబు: అమ్మా, జీతంలో సగం అంటే నేను కూడా ఆయన పక్షాన మాట్లాడలేను. పన్ను సంగతి మాత్రం ఆయన తప్పు కాదు. కస్టమ్స్ లెక్కలో స్కేల్ మోడల్ కూడా ఆటబొమ్మల కిందికే వస్తుంది. 2020 బడ్జెట్లో ఆటబొమ్మల మీద దిగుమతి సుంకం 20 శాతం నుంచి 60కి పెంచారు, 2023లో 70 చేశారు. ఆ లెక్కన ఇరవై వేల ఇంజను తెప్పిస్తే ఒక్క సుంకమే పద్నాలుగు వేలు, దాని పైన ఇంకా మిగతా పన్నులు. దీనికి తోడు 2021 జనవరి నుంచి ఆటబొమ్మలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి అయింది, దాంతో పార్సిల్ ఆగిపోయి తిరిగిపోయిన కథలు కూడా ఉన్నాయి. చైనా చవక బొమ్మల్ని ఆపడానికి వేసిన వలలో మీ ఆయన లాంటివాళ్లు కూడా పడ్డారు.

ఆయనకు ఈ కాలమ్ చూపించి ఒక మాట చెప్పండి. పూర్తి ఇంజన్లు తెప్పించడం మానేసి, ఇక్కడే ఎవరి దగ్గరన్నా పాత చాసిస్ కొని షెల్ సొంతంగా చేసుకోమనండి. మన దేశంలో చిన్న వర్క్‌షాపుల్లో మన ఇంజన్ల షెల్స్ ప్రింట్ చేసి ఇచ్చేవాళ్లున్నారు. ఖర్చు తగ్గుతుంది, ఆదివారం మొత్తం ఇంట్లోనే ఉంటారు. రెండోది మీకు లాభమో నష్టమో మీరే తేల్చుకోవాలి. ఆర్డర్ పెట్టే ముందు అప్పటి సుంకం ఎంతుందో చూసుకోమనండి, బడ్జెట్ బడ్జెట్‌కూ మారుతుంటుంది.

ప్రశ్న: యార్డుల్లో, పోర్టుల్లో వ్యాగన్లు అటూ ఇటూ తోసే చిన్న డీజిల్ ఇంజన్లంటే నాకిష్టం. ఫ్రెండ్స్ నవ్వుతున్నారు, రాజధాని ఎక్స్‌ప్రెస్‌ను లాగే ఇంజను చేయరా అంటున్నారు. మీరేమంటారు?
– వెంకటాచలం

జవాబు: నవ్వనివ్వండి, వాళ్ల దగ్గర స్థలం ఎక్కువుందేమో. ఇంట్లో ఆరడుగుల బల్ల మీద రాజధాని ఎటు పోతుంది చెప్పండి, బయల్దేరిన మూడు సెకన్లకు గోడ తగులుతుంది. షంటింగ్ ఇంజను పెట్టుకుంటే అదే బల్ల మీద సాయంత్రమంతా వ్యాగన్లు విడదీస్తూ, కలుపుతూ కూర్చోవచ్చు. నన్నడిగితే అసలు ఆట అక్కడే ఉంది.

మీకు రెండు చెప్తా. ఒకటి డబ్ల్యూడీఎస్-6. ఆరు సిలిండర్ల ఆల్కో, పైన గిద్దలూరు మాస్టారికి చెప్పిన వైడీఎం-4కు ఇంజను వరుసలో దగ్గరి బంధువు, స్టీలు ప్లాంట్లూ పరిశ్రమలూ కూడా కొనుక్కుని వాడాయి. రెండోది డబ్ల్యూడీఎస్-4. చిత్తరంజన్‌లో తయారైన హైడ్రాలిక్ (ఇంజను శక్తిని నూనె ద్వారా చక్రాలకు అందించే) షంటర్, మూడే ఇరుసులు, ఆవిరి ఇంజనుకున్నట్టు చక్రాల్ని కలుపుతూ బయట కడ్డీ ఆడుతుంది. బొమ్మగా ఇది నడుస్తుంటే చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. చిన్నది కాబట్టి బరువు సమస్య వస్తుంది, షెల్ లోపల సీసం ముక్కలు పెట్టకపోతే చక్రాలు జారి అక్కడే తిరుగుతాయి.

కృష్ణపట్నం మీకు పక్కనే ఉంది. బొగ్గు వ్యాగన్లు, ఇనుప ఖనిజం, కంటెయినర్లు, ఒక చిన్న పోర్టు మూల చేసుకోండి. వెనక గోడకు వెలిగొండల బొమ్మ వేస్తే, 2019లో మొదలైన ఓబులవారిపల్లె లైను సొరంగం నోరు కూడా ఒకటి చూపించొచ్చు. ఆరున్నర కిలోమీటర్ల పైచిలుకు సొరంగం అది, మీరు అరచేయంత చేస్తే చాలు. పట్టా అందులోకి పోయి ఆగిపోతే ఎవరూ అడగరు.

ప్రశ్న: మీకు ఒక్కటే కోరుకోమంటే ఏ ఇంజను కోరుకుంటారు?
– సింగరాయకొండ

జవాబు: గుత్తి షెడ్డులో ఉండిన డబ్ల్యూడీఎం-3. జర్మనీ హెన్షెల్ కంపెనీది, 1970లో వచ్చింది, మొత్తం ఎనిమిదే, డీజిల్ హైడ్రాలిక్. ఆంధ్రాలో కాపురం చేసిన ఇంజను, ఆంధ్రా వాళ్లకే తెలియదు. ఎవరూ చేయరని తెలిసే కోరుకుంటున్నా.

దాని తర్వాత డబ్ల్యూడీపీ-1. 1995 నుంచి కొద్ది సంఖ్యలోనే చేశారు, 2,300 హార్స్‌పవరు, నాలుగే ఇరుసులు, విజయవాడ షెడ్డులో ఉండేవి. దానికి చాసిస్ దొరకడం కూడా తేలికే, నాలుగిరుసుల అమెరికా ఆల్కో ఏదైనా సరిపెట్టుకోవచ్చు. డబ్ల్యూడీఎం-4 కూడా అడిగారు ఒకరిద్దరు. హౌరా రాజధానిని 1969లో మొదట లాగింది అదే, జనరల్ మోటార్స్‌ది, మంచి ఇంజనే. టెక్నాలజీ మన చేతికి ఇవ్వడానికి కంపెనీ ఒప్పుకోకపోవడంతో 72తో ఆగిపోయింది, ఆల్కో వాళ్లు ఒప్పుకున్నారు కాబట్టే మనకు డబ్ల్యూడీఎం-2 మిగిలింది. అయితే అది ఉత్తరాది ఇంజను, మన లైనుది కాదు, నా జాబితాలో వెనకే. కావలి నుంచే ఇంకో పాఠకుడు డబ్ల్యూడీఎం-1 అనే పాత ఆల్కో ఇంజను కావాలన్నారు, ఆయనకు ఒక మాట: ఆస్ట్రేలియా 44 క్లాస్ ఇంజను కూడా అదే ఆల్కో డీఎల్500 కుటుంబం, దానికి హెచ్‌వో బొమ్మలొచ్చాయి. రెండు క్యాబిన్లున్నది దొరికితే వెనక క్యాబిన్ కోసేసి మొదలుపెట్టండి.

ప్రశ్న: మా ఊరికి ఇంకా రైలే రాలేదు. నడికుడి–శ్రీకాళహస్తి లైను ఎప్పుడొస్తుందో ఏమో. అసలు రైలే లేని ఊళ్లో ఉండి రైలు మోడల్ చేయడం పిచ్చా? చేస్తే ఏ డీజిల్ పెట్టాలి?
– డిగ్రీ విద్యార్థి, పొదిలి

జవాబు: పిచ్చేం కాదు, నీకున్న స్వేచ్ఛ మాలో ఎవరికీ లేదు. కావలి స్టేషన్ చేసినవాడికి ‘మా మూడో ప్లాట్‌ఫాం ఇలా ఉండదే’ అని ఎవడో ఒకడు తగులుతాడు. పొదిలి స్టేషన్ ఎలా ఉండాలో నీ ఇష్టం. 309 కిలోమీటర్ల లైను అది, నువ్వు ఒక్క స్టేషన్, ఎదురెదురు రైళ్లు తప్పుకునే పక్క లైను (క్రాసింగ్ లూపు) ఒక్కటి చేసుకుంటే చాలు.

ఏ డీజిల్ అంటే, ఇప్పుడు వేసే కొత్త లైన్లకు కరెంటు తీగలు కూడా కలిపే వేస్తున్నారు, కాబట్టి ప్యాసింజర్ రైలుకు డీజిల్ పెడితే నమ్మేలా ఉండదు. నువ్వు రైలు రాకముందు సంగతి చెయ్యి. పట్టాలు పరుస్తున్నారు, తీగలింకా లేవు, కంకర వ్యాగన్ల రైలును ఒక పాత డబ్ల్యూడీఎం-3ఏ తోసుకుంటూ వచ్చింది, పక్కన ఎర్రమట్టి గుట్ట, స్లీపర్ల దొంతర, రోడ్డు రోలరు, నీడ కోసం తాటాకు పందిరి. కంకరకు కొట్లో అమ్మే ప్యాకెట్లు కొనకు, మీ చుట్టుపక్కల క్రషర్లలో పడుండే పొడిని జల్లెడ పట్టి కడిగి ఆరబెట్టుకో, అయస్కాంతం మీదుగా ఒకసారి పోనివ్వు, ఇనుప రజను మోటార్లోకి పోతే పాడైపోతుంది. జిగురులో నీళ్లు కలిపి డ్రాపర్‌తో పొయ్యాలి, ముందు నీళ్లలో చుక్క షాంపూ వేసి తడిపితే జిగురు లోపలికి దిగుతుంది.

పూర్తయ్యాక ఫొటో పంపు, వేస్తాం. మిగతావాళ్లకూ అదే చెప్తున్నా, ఇంజన్ను పక్క నుంచి ఒకటి, ఎదురుగా ఒకటి తీసి పంపండి. ఇంజనుకు ఆనుకుని నిలబడి మీరు దిగిన సెల్ఫీలు వద్దు, వెనకున్న నంబరు కనపడటం లేదు.